మొహమాటం ఖాతా

ఆదివారం పూట కోదాడ నుంచి పెద్దమ్మ కొడుకు వస్తున్నాడంటే సూర్యాపేటలోని చెల్లెలింట్లో కోడికూర ఉడకాల్సిందే. ఈసారి మాత్రం అన్న చేతిలో ఎప్పటి పండ్ల సంచికి బదులు నల్లబ్యాగు ఉంది. అంత ఎండలోనూ మెడలో టై. భోజనాలయ్యాక బ్యాగులోంచి తెల్లకాగితం తీసి, నడిమధ్యన ఒక సున్నా చుట్టాడు. "ఇది నువ్వు చెల్లె" అన్నాడు. దాని కింద ఆరు సున్నాలు. "వీళ్లు నువ్వు చేర్పించేటోళ్లు." ఒక్కో సున్నా కింద మళ్లీ ఆరేసి. కాగితం అడుక్కి వచ్చేసరికి సున్నాలకు చోటు చాల్లేదు. ఆ ఇరుకులోనే సొంతిల్లు, కారు, సింగపూర్ విమానం అన్నీ ఉన్నాయన్నాడు. చివర్లో ఒక మాట చెప్పాడు: "టైంపాస్‌కు చేస్తే మాత్రం లాభం లేదు. సీరియస్‌గ, ఒక బిజినెస్ లెక్క చెయ్యాలె."

చుట్టరికాలు మారొచ్చుగానీ ఈ సీను చాలా ఇళ్లకు తెలిసిందే. అందుకే ఈ ఇంటినే ఒక ఉదాహరణగా అనుకుందాం. భర్త ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. భార్య ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఇద్దరు పిల్లలు. నెలలో చివరి వారం ఎప్పుడూ మిగతా మూడు వారాలకంటే పొడుగ్గానే ఉంటుంది. అన్న చెప్పినవాటిలో ఆవిడ మనసుకు పట్టింది సింగపూర్ కాదు, ఆ చివరి మాట. 'బిజినెస్ లెక్క' చెయ్యాలంటే, ముందు లెక్క రాయాలి కదా! పెద్దమ్మాయి పాత నోటుబుక్కులో వెనక మిగిలిన కాగితాలకు గీతలు కొట్టుకుంది.

అన్న ఆ మాట అన్న ఊళ్లకు వ్యాపారం కొత్తేమీ కాదు. హైదరాబాద్, విజయవాడ మధ్య జాతీయ రహదారి మీద సూర్యాపేట ఉంది. బస్సు ఆగిన పది నిమిషాల్లోనే టీ, ఇడ్లీ, జామకాయ అమ్మి చిల్లర లెక్కపెట్టి ఇచ్చేయాలి. అదే రోడ్డు మీద ఆంధ్ర సరిహద్దుకు ముందు కోదాడ. ఇక మిర్యాలగూడ అంటే వడ్లు, రైసు మిల్లులు. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండిన ధాన్యం అక్కడికి చేరుతుంది. ఈ మూడూ ఒక ముక్కోణం. ఒక కొసన పుట్టిన పిల్ల రెండో కొసకు కోడలుగా వెళ్తుంది, మూడో కొసన ఆమె చెల్లెలు ఉంటుంది. పెళ్లి పత్రికలు పంచడానికి బయల్దేరితే మూడు ఊళ్లూ తిరక్క తప్పదు. అన్న మెడలో టైని పంపిన కంపెనీకి ఈ ఊళ్ల పేర్లు తెలియకపోవచ్చు. కానీ దానికి కావాల్సిన రోడ్డు ఇక్కడ ఎప్పుడో పడి ఉంది. అది చుట్టరికాల రోడ్డు.

మిర్యాలగూడ మిల్లులో ఎవరినైనా అడగండి, వ్యాపారమంటే ఏమిటో ఒక్క మాటలో చెబుతారు. ప్రభుత్వానికి ఆడించి ఇచ్చే క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగివ్వాలి. మిగిలేది నూక, తౌడు, ఊక. ఊకకూ ఒక ధర ఉంది, దాన్ని కొనేవాడూ ఉన్నాడు. ఎంత పోస్తే ఎంత వస్తుందో, ఎంత తరుగు పోతుందో ముందే తెలుసు. అన్న గీసిన కాగితంలో తరుగు ఎక్కడుందో ఆవిడకు కనపడలేదు.

ఆ రాత్రి లెక్కల మాస్టారు కూడా కాగితం ముందేసుకున్నాడు. ఒకరు ఆరుగురిని, ఆ ఆరుగురు తలా ఆరుగురిని చేర్పిస్తే 36. తర్వాత 216, 1,296, 7,776, 46,656. ఏడో మెట్టులో 2,79,936. అప్పటిదాకా చేరినవాళ్లందరినీ కలిపితే 3,35,922. 2011 జనాభా లెక్కల్లో సూర్యాపేట, మిర్యాలగూడ లక్ష దాటిన పట్టణాలు. కోదాడ అరవై వేలు దాటింది. మూడూ కలిపినా మూడు లక్షలు నిండవు. అంటే ఉయ్యాల్లోని పసిపిల్లల్నీ, ఆస్పత్రి మంచం మీది ముసలివాళ్లనూ చేర్పించినా ఏడో మెట్టు పూర్తి కాదు. ఆ మెట్టు మీదున్న వాళ్లు సబ్బులు ఎవరికి అమ్మాలి? బడిలో పిల్లలకు ఘాతాంకాలు చెప్పేటప్పుడు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదని ఆయన నవ్వుకున్నాడు. నవ్వుకున్నాడుగానీ, తెల్లారి చేరాడు కూడా. బావమరిది అడిగితే కాదనడమెట్లా!

ఇక్కడే అసలు కథ మొదలైంది. మొదటి పని లిస్టు రాయడం. తెలిసినవాళ్ల పేర్లు వంద. వందా రాయడానికి అరగంట పట్టలేదు. అమ్మవైపు వాళ్లు, అత్తవైపు వాళ్లు, స్టాఫ్‌రూం, పాలవాడు, పిల్లల ట్యూషన్ టీచరు. కిరాణా కొట్టు పెట్టేవాడు కూడా ఒక లిస్టు రాసుకుంటాడు. అందులో వీధిలో ఎన్ని ఇళ్లున్నాయి, ఎవరింట్లో ఎంత చక్కెర పడుతుంది, పక్క కొట్లో ధర ఎంత అని ఉంటుంది. ఈ లిస్టులో ఎవరికి ఏం కావాలో లేదు. ఎవరు కాదనలేరో ఉంది.

మొదటి నెల ఆవిడ పుస్తకం ఇలా నడిచింది. కంపెనీ నుంచి తెచ్చిన సరుకు 6,000 రూపాయలు. అంతకు తగ్గితే పాయింట్లు రావన్నాడు అన్న. అందులో బయటివాళ్లకు అమ్మింది 1,600 రూపాయల సరుకు. చేతికొచ్చింది 1,920. లాభం 320. ఇంట్లో వాడుకున్నది 1,900. బీరువాలో చీరల పక్కన మిగిలింది 2,500. నెలాఖరుకు కంపెనీ కమీషన్ 280. అంటే మొత్తం రాబడి 600 రూపాయలు. ఖర్చు పేజీలో కోదాడ, మిర్యాలగూడ బస్సు చార్జీలు 640. ఫంక్షన్ హాల్లో మీటింగుకు ఇద్దరి టిక్కెట్లు 500. వచ్చినవాళ్లకు టీలు, బిస్కెట్లు, ఫోన్లు 260. వెరసి 1,400. రాబడి తీసేస్తే నష్టం 800.

అక్కడితో ఆపేస్తే ఆవిడ కుట్టుమిషన్ యజమానురాలే కాదు. ఇదివరకు ఇంటి మొత్తానికి సబ్బులు, షాంపూ, పేస్టు, గిన్నెలు తోమే పొడి కలిపి 700కు మించేవి కావు. ఇప్పుడు 1,900 అయ్యాయి. "మన సరుకు మనమే వాడాలి, అప్పుడే నమ్మకంగా చెప్పగలం" అన్న మీటింగు మాటకు నెలకు 1,200 ధర పడింది. పైగా ఇద్దరూ తిరిగిన గంటల్లో ఆవిడవే నలభై. రెండు గంటలకో జాకెట్టు, జాకెట్టుకు 120 రూపాయలు. ఇరవై జాకెట్లు, 2,400 రూపాయలు. మిషన్ మీద గుడ్డ కప్పి మరీ వదులుకున్న డబ్బిది. మీటింగులో స్టేజీ ఎక్కినవాళ్లు చెక్కులు చూపించారు. ఆ చెక్కు వెనక ఖర్చు పేజీని ఒక్కరూ చూపించలేదు. తౌడు అమ్మిన డబ్బు చూపించి మిల్లు లాభం ఇదీ అంటే మిర్యాలగూడలో ఎవరూ నమ్మరు మరి.

చిత్రమేమిటంటే, ఆవిడకు తెలియకుండానే ఆ నోటుబుక్కు చట్టం అడిగే పనే చేస్తోంది. డైరెక్ట్ సెల్లింగ్ మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. సరుకు, ధర, పన్ను, పరిమాణం వివరాలతో అమ్మకందారు లెక్కల పుస్తకం రాయాలని అందులో ఉంది. చేరడానికి రుసుము తీసుకోకూడదనీ, అమ్ముడుపోని సరుకును కంపెనీ తిరిగి తీసుకునే ఏర్పాటు ఉండాలనీ ఉంది. 2021 డిసెంబరులో వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏకంగా నిబంధనలే వచ్చాయి. పిరమిడ్ పథకాలు నడపడం, వాటిలో మనుషుల్ని చేర్చడం నిషేధం. అమ్మకందారు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అడిగి ఒప్పించకుండా ఇంటికి వెళ్లకూడదు. ఆదివారం కోడికూరకు వచ్చే అన్న సంగతి నిబంధనలు రాసినవాళ్లకు తట్టి ఉండదు. ఆయన దగ్గర కార్డు అడిగేదెవరు?

ఈ నిబంధనల కంటే ముందు తెలుగునేల మీద పెద్ద గొడవే నడిచింది. ఆమ్‌వే 1998లో మన దేశంలో వ్యాపారం మొదలుపెట్టింది. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సీఐడీ పోలీసులు దాని కార్యాలయాల్లో సోదాలు చేశారు. కేసు పెట్టింది 1978 నాటి చట్టం కింద. ప్రైజ్ చిట్లు, డబ్బు చేతులు మార్చే పథకాలను నిషేధించిన చట్టమది. కంపెనీ హైకోర్టుకు వెళ్లింది. తాము అమ్మేది సరుకేననీ, అది డబ్బు తిప్పే పథకం ఎట్లా అవుతుందనీ దాని వాదన. 2007 జూలై 19న హైకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. మనుషుల్ని చేర్చుకుంటూ పోతుంటే పైనున్నవాళ్లకు డబ్బు వచ్చే ఆ పద్ధతి, పైపై పరిశీలనలోనే ఆ చట్టం కిందికి వస్తోందని చెప్పింది. 2014 మేలో కంపెనీ భారత అధిపతి విలియం పింక్నీని కర్నూలు పోలీసులు గుర్గావ్ వెళ్లి అరెస్టు చేశారు. 2019లో సైబరాబాద్ పోలీసులు ఈబిజ్, క్యూనెట్ కేసుల్లో పలువురిని పట్టుకున్నారు. 2022 ఏప్రిల్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆమ్‌వేకు చెందిన 757 కోట్ల రూపాయల పైచిలుకు ఆస్తుల్ని తాత్కాలికంగా జప్తు చేసింది. కంపెనీలన్నీ ఒకటే అనడానికి లేదు. సరుకున్నవీ ఉన్నాయి, పేరుకే సరుకున్నవీ ఉన్నాయి. వార్తల్లో పేరు వచ్చిన ప్రతిసారీ "మనది అట్లాంటిది కాదు" అన్నది మాత్రం అందరి మీటింగుల్లోనూ వినిపించే మాటే.

మన ఊళ్లలో 'చీటీ' అన్న మాట ఇంకో తికమక పెట్టింది. ఇరవై మంది కలిసి వేసుకుని పాట పాడుకునే చీటీ వేరు, నిషేధించిన ప్రైజ్ చిట్ వేరు. రిజిస్టరైన చీటీకి 1982 చట్టం ఉంది. నడిపే కంపెనీ కమీషన్ ఎంతకు మించకూడదో ఆ చట్టమే రాసింది. మొదట 5 శాతం, 2019 సవరణ తర్వాత 7 శాతం. చీటీ కట్టే ఇల్లాలికి తన డబ్బులో ఎవరు ఎంత తీసుకుంటున్నారో తెలుసు. తను కొన్న షాంపూ డబ్బాలో కోదాడ అన్నకెంత, ఆయన పైవాడికెంత, ఆ పైన హైదరాబాద్ హోటల్లో ఉపన్యాసమిచ్చిన ఆసామికెంత? ఈ ప్రశ్నకు అన్న దగ్గరే సమాధానం లేకపోయింది.

అమెరికాలోనూ ఇదే ప్రశ్న మీద చాలా ఏళ్లు కొట్లాడారు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979లో ఆమ్‌వేది పిరమిడ్ కాదని తేల్చింది. అయితే ఆదాయం గురించి గొప్పలు చెప్పడాన్ని తప్పుపట్టింది. పిరమిడ్ కాదనడానికి చూసిన కారణాల్లో కంపెనీ పెట్టుకున్న కొన్ని నియమాలున్నాయి. మిగిలిన సరుకు వెనక్కి తీసుకోవాలి. కొన్నదాంట్లో కనీసం 70 శాతం ఆ నెలలోనే అమ్మి ఉండాలి. నెలకు కనీసం పది మంది వేర్వేరు గిరాకీలకు అమ్మితేనే బోనస్. నియమం బాగానే ఉంది. మొదటి నెల సూర్యాపేట నోటుబుక్కులో కొన్నవాళ్లు తొమ్మిది మంది. ఇంకొక్కరు దొరికితే ఆ పదీ నిండేవే.

రెండో నెల మొదట్లో ఆవిడ ఆ తొమ్మిది పేర్లనూ మళ్లీ చదివింది. పేజీ మధ్యలో నిలువుగా గీత గీసింది. ఒకవైపు 'కావాలని కొన్నోళ్లు', ఇంకోవైపు 'కాదనలేక కొన్నోళ్లు'. పక్కింటి కోమలి రంగు చీరావిడ గిన్నెలు తోమే ద్రవం కోసం తనే వచ్చి అడిగింది కాబట్టి మొదటివైపు. అలాంటివాళ్లు ముగ్గురు తేలారు. మిగతా ఆరుగురూ చుట్టాలో, జాకెట్టు బాకీ ఉన్నవాళ్లో. వాళ్లలో మిర్యాలగూడ ఆడబిడ్డ ఒకామె. తమ్ముడు, మరదలు ఇంత దూరం బస్సెక్కి వచ్చారని 480 రూపాయలు పెట్టి మొహానికి రాసుకునే క్రీం కొంది. ఆ క్రీం మూత తీసిందో లేదో అడగడానికి మరదలికి మొహమాటం. వద్దని చెప్పడానికి అంతకు ముందు ఆమెకు మొహమాటం. ఏ కమిషనూ, ఏ కోర్టూ గిరాకీల్ని లెక్కపెట్టగలదుగానీ మొహమాటాన్ని ఎట్లా లెక్కపెడుతుంది? అమెరికా నియమం ప్రకారం ఆడబిడ్డా ఒక గిరాకీయే.

నెల తిరిగేసరికి గీత పని గీత చేసింది. మొదటివైపు ముగ్గురిలో ఇద్దరు మళ్లీ కొన్నారు. రెండోవైపు ఆరుగురిలో ఒక్కరూ కొనలేదు. పైగా ఫోన్ చేస్తే "ఇంకో పనిలో ఉన్న, మళ్ల చేస్త" అన్నవాళ్లు ఇద్దరు. బడిలో మాస్టారు స్టాఫ్‌రూంలోకి రాగానే ఇద్దరు టీచర్లు బెల్లు కాకముందే చాక్‌పీసులు తీసుకుని క్లాసులకు బయల్దేరుతున్నారు. పిల్లల చదువు మీద ఇంత శ్రద్ధ హఠాత్తుగా ఎక్కడిదని ఆయన మొదట సంబరపడ్డాడు కూడా! అసలు సంగతి అర్థమైన రోజు రాత్రి అన్నం సరిగా తినలేదు.

అప్పుడు ఇద్దరూ కూర్చుని ఒక నిర్ణయానికొచ్చారు. మూడు నెలల గడువు. కొత్తగా ఒక్కరినీ చేర్పించకూడదు. అడిగి వచ్చినవాళ్లకే సరుకు, చుట్టాలింటికి వెళ్తే చుట్టాల్లాగే వెళ్లాలి, బ్యాగు లేకుండా. పాయింట్ల కోసం సరుకు తేకూడదు. మీటింగు టిక్కెట్టు కొనకూడదు. ఇంతా చేసి అమ్మకాల లాభంతో నిలబడితే వ్యాపారం, లేకపోతే లేదు. నిజానికి ఏ కిరాణా కొట్టువాడైనా ఇట్లాగే చేస్తాడు. తన దగ్గర పప్పు కొన్న మనిషిని, నువ్వూ ఒక కొట్టు పెట్టు, నా దగ్గరే సరుకు తీసుకో అని వెంటపడడు. కోదాడలో ఒకే సందులో ఇరవై కొట్లుంటే గిరాకీ పంచుకుపోతుందని వాడికి తెలుసు.

మూడో నెల చివర మిగిలింది ఇద్దరే. గిన్నెల ద్రవం కొనే పక్కింటావిడ, పిల్లకు పడిన సబ్బు కోసం వచ్చే ఇంకో తల్లి. లాభం 90 రూపాయలు. బస్సు ఖర్చు లేదు, టీ ఖర్చు లేదు. నష్టం లేకుండా నడిచిన మొదటి నెల అది. ఆవిడ మిషన్ మీది గుడ్డ ఎప్పుడో తీసేసింది. కొందరికి ఇది నిజంగానే నడుస్తుంది. బ్యూటీ పార్లర్ పెట్టుకున్నవాళ్లకు, గిరాకీ తనంతట తను నడిచొచ్చే చోటున్నవాళ్లకు. అక్కడ ఇది మామూలు దుకాణమే. నూటికి ఇరవై లాభం వచ్చే చిన్న దుకాణం. సింగపూర్ దానితో రాదు.

అన్న మళ్లీ వచ్చాడు. ఈసారి టై లేదు. లిస్టులో మిగిలిన పేర్లేమయ్యాయని అడగడానికి వచ్చాడు. చెల్లెలు కోపం చేసుకోలేదు. అన్నం పెట్టి, నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టింది. "నీది కూడ రాయన్నా, ఒక్కసారి చూద్దాం" అంది. ఆయన మొదట నవ్వాడు. తర్వాత రాయడం మొదలుపెట్టాడు. సరుకు, అమ్మకం, కమీషన్, అన్నీ గడగడా వచ్చేశాయి. ఖర్చు పేజీలో బస్సులు, హోటళ్లు, సూట్‌కేసు కూడా రాశాడు. వదిన పుస్తెలతాడు కుదువపెట్టి తెచ్చిన అప్పు వడ్డీ దగ్గర పెన్ను ఆగింది. నెలకెంత అని ఎవరూ అడగలేదు. మాస్టారు లేచి ఫ్యాను పెంచాడు. "సాయంత్రం బస్సుకు పోవాలె" అన్నాడు అన్న. పేజీ మాత్రం చింపి జేబులో పెట్టుకున్నాడు.

మరుసటి ఆదివారం ఆవిడ ఒక్కతే మిర్యాలగూడ బస్సెక్కింది. ఆడబిడ్డ ఇంట్లో టీవీ పక్కన అద్దాల అరలో క్రీం డబ్బా అట్లాగే ఉంది, అట్టపెట్టె కూడా విప్పకుండా. "వదినా, ఇది నాకు కావాలె" అని తీసుకుని, 480 రూపాయలు ఆమె చేతిలో పెట్టింది. ఆడబిడ్డ వద్దంది. ఈవిడ వినలేదు. తర్వాత ఇద్దరూ కూర్చుని పెసరట్లు పోసుకుని తిన్నారు, పెద్దమ్మాయి చదువు గురించి మాట్లాడుకున్నారు. చాలా నెలల తర్వాత ఆమె ఫోన్ చూసుకోకుండా మాట్లాడింది.

ఇంటికొచ్చాక పుస్తకం తీసి 480నూ, రానూపోనూ బస్సు చార్జీలనూ ఖర్చు కింద రాసింది. క్రీం డబ్బాను బీరువాలో కాకుండా అద్దం దగ్గర పెట్టింది, తనే వాడుకుందామని.